13 నవలలు రాశాక... ఒకటి అచ్చయింది!

కథ రాయడం ఒక ఎత్తు. ఆ కథ పుస్తకమై పాఠకుడి చేతికి చేరడం మరో ఎత్తు. ఈ రెండింటి మధ్యా రచయిత ఏం చేస్తాడు? ఎన్నాళ్లు ఎదురుచూస్తాడు? ఎన్నిసార్లు తిరగరాస్తాడు? అమెరికన్ ఫాంటసీ నవలా రచయిత బ్రాండన్ శాండర్సన్‌ను అడిగితే ఈ ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. ఎందుకంటే అతని జీవితంలో ఎక్కువ భాగం గడిచింది ఆ మధ్యలోనే!

అర్ధరాత్రి దాటింది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఓ హోటల్. గదుల్లో అందరూ నిద్రపోతున్నారు. రిసెప్షన్ బల్ల దగ్గర ఓ కుర్రాడు మాత్రం కంప్యూటర్ మీద టకటకా టైపు చేస్తూనే ఉన్నాడు. ఎవరైనా వచ్చి తాళంచెవి అడిగితే లేచి ఇస్తాడు, మళ్లీ కూర్చుని ఆపిన వాక్యం దగ్గర్నుంచి అందుకుంటాడు. రాత్రి డ్యూటీ ఎవరూ ఇష్టపడరు. అతను మాత్రం ఏరికోరి ఆ ఉద్యోగంలో చేరాడు. రాత్రంతా కూర్చున్నందుకు జీతం వస్తుంది, కూర్చున్నంతసేపూ నవల రాసుకోవచ్చు. పగలు బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చదువు.

అలా ఒకటి కాదు, రెండు కాదు... 13 నవలలు రాశాడు. అందులో ఒక్కటీ అచ్చు కాలేదు.

అమ్మకు ఇష్టమైన చదువు!

శాండర్సన్ 1975లో నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు పుస్తకమంటేనే ఆమడదూరం పరిగెత్తేవాడు. ఎనిమిదో తరగతిలో ఉండగా ఇది గమనించిన టీచరు, బార్బరా హాంబ్లీ రాసిన ‘డ్రాగన్స్‌బేన్’ అనే నవల చేతిలో పెట్టి చదవమంది. ఇష్టం లేకుండానే మొదలెట్టాడు. అంతే, వదల్లేకపోయాడు.

అందులో కథానాయిక నడివయసు మంత్రగత్తె. మంత్రవిద్యలో ఇంకా పైకి ఎదగాలా, భర్తా పిల్లలతో గడపాలా అన్నది ఆమెకు తెగని సమస్య. అది చదువుతుంటే అతనికి తన తల్లి కనిపించింది. అకౌంటింగ్ చదువులో ముందు వరసలో ఉండి కూడా, పిల్లల కోసం తనకొచ్చిన అవకాశాన్ని పక్కన పెట్టిందామె. డ్రాగన్లూ మంత్రాలూ నిండిన ఓ కట్టుకథ, పధ్నాలుగేళ్ల పిల్లాడికి వాళ్లమ్మ మనసును అర్థం చేయించింది. కథకు ఇంత శక్తి ఉంటుందా అని ఆశ్చర్యపోయిన ఆ పిల్లాడు, ఇక రాస్తే ఇలాంటివే రాయాలనుకున్నాడు.

ఇంట్లో వాళ్ల ఆలోచన వేరు. అచ్చం మన ఇళ్లలో లాగే. రాతలు కూడు పెడతాయా, ముందు ఓ మంచి చదువు చదువుకో అన్నారు. తల్లి మాట కాదనలేక బయోకెమిస్ట్రీలో చేరాడు. తరవాత చర్చి తరఫున సేవ చేసేందుకు దక్షిణ కొరియాలోని సియోల్‌కు వెళ్లాడు. అక్కడుండగా అతనికో సంగతి తెలిసొచ్చింది. చదువు వదిలి అంత దూరం వచ్చినా కెమిస్ట్రీ ఒక్కనాడూ గుర్తుకు రాలేదు. ఖాళీ దొరికితే చాలు, చేయి కాగితం మీదికి పోతోంది. తిరిగొచ్చాక కెమిస్ట్రీకి నమస్కారం పెట్టి ఇంగ్లిష్ సాహిత్యానికి మారిపోయాడు. హోటల్‌లో రాత్రి ఉద్యోగం ఆ తరవాతి ముచ్చట.

‘మార్కెట్’ కోసం రాస్తే...

రాసిన నవలలు ప్రచురణ సంస్థలకు పంపేవాడు. తిరుగుటపాలో వచ్చేవి కొన్ని. ఉలుకూ పలుకూ లేనివి ఇంకొన్ని. కారణాలు రెండు చెప్పేవారు. ఒకటి, పుస్తకం మరీ లావుగా ఉంది. రెండు, కథ ఇంత మంచితనంగా ఉంటే ఇప్పుడు నడవదు... కాస్త చీకటి, కాస్త క్రూరత్వం కావాలి.

నిజమే కాబోలు అనుకున్నాడు శాండర్సన్. మార్కెట్ అడుగుతున్నట్టే పొట్టిగా, ఘాటుగా కొన్ని నవలలు రాశాడు. అవీ అచ్చు కాలేదు. పైగా ఇంకో నష్టం జరిగింది. మొదట్లో రాసినవి కనీసం అతనికైనా నచ్చేవి. ఇవి అతనికే నచ్చలేదు!

అప్పుడు తనను తానే ఓ ప్రశ్న అడిగానని తరవాత చాలాచోట్ల చెప్పాడు. జీవితాంతం ఒక్క పుస్తకమూ అచ్చు కాదని ముందే తెలిస్తే, రాయడం మానేస్తానా? మాననని జవాబొచ్చింది. తొంభయ్యేళ్లు బతికి, బీరువా నిండా అచ్చుకాని నవలలతో పోయినా ఫర్వాలేదు, మధ్యలో మానేసిన వాడికన్నా గెలిచినట్టే అనుకున్నాడు. ఆ మొండితనంతోనే, ఎవరేమన్నా సరేనని, తన మనసుకు నచ్చినట్టు ఓ బ్రహ్మాండమైన నవల మొదలెట్టాడు. లావు తగ్గించలేదు. మంచితనమూ తగ్గించలేదు. దాని పేరు ‘ద వే ఆఫ్ కింగ్స్’. అది అతని 13వ నవల.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2003లో, టోర్ బుక్స్ సంస్థ ఎడిటర్ మోషే ఫెడర్ నుంచి కబురొచ్చింది. దాదాపు ఏడాదిన్నర కిందట ఇచ్చి, ఆశ వదిలేసుకున్న రాతప్రతి గురించి. నవల పేరు ‘ఎలాంట్రిస్’. దాన్ని కొనుక్కుంటామన్నది ఆ కబురు సారాంశం. చిత్రం చూడండి... అది అతను రాసిన ఆరో నవల. మార్కెట్‌ను దృష్టిలో పెట్టుకోకముందు, తనకోసం తాను రాసుకున్నది!

కొన్నది 2003లో. పుస్తకం దుకాణానికి వచ్చింది 2005లో. ఆ రెండేళ్లలో రచయిత చేసే పని పాఠకుడికి కనిపించదు. ఎడిటర్ సూచనలు వస్తాయి, తిరగరాయాలి. భాష దిద్దేవాళ్లు ప్రశ్నలు పంపుతారు, జవాబివ్వాలి. అచ్చు ప్రూఫులు వస్తాయి, అక్షరం అక్షరం చూడాలి. అట్టమీద బొమ్మ, లోపల పటం, వెనక నాలుగు మాటలు... అన్నీ తేలాలి. ఈలోగా చేతులు ముడుచుకు కూర్చుంటే కుదరదు, తరవాతి పుస్తకం సిద్ధం కావాలి. శాండర్సన్ ఆ వ్యవధిలో ‘మిస్ట్‌బార్న్’ రాశాడు. లోహాలు మింగి, వాటిని కడుపులో మండించి శక్తులు పొందే మనుషుల కథ అది. 2006లో వచ్చింది. రచయితగా అతన్ని నిలబెట్టింది అదే.

మరి 13వ నవల సంగతేమైంది? ప్రచురణకర్తలు దానికీ సరేనన్నారు. వెనక్కి తీసుకున్నది శాండర్సనే! ఇంత పెద్ద కథను మొయ్యగల నేర్పు తనకింకా రాలేదనిపించిందట. ఏళ్లు ఆగి, దాన్ని మొదటి అక్షరం నుంచీ మళ్లీ రాశాడు. 2010లో అచ్చయింది. ఒకప్పుడు అచ్చుకోసం అల్లాడినవాడు, అచ్చు వేస్తామంటే వద్దనడం చిన్న విషయం కాదు.

మరొకరి కథకు ముగింపు

2007 సెప్టెంబరు 16న రాబర్ట్ జోర్డన్ అనే ప్రసిద్ధ రచయిత గుండెకు సంబంధించిన అరుదైన జబ్బుతో కన్నుమూశాడు. ఆయన రాస్తున్న ‘ద వీల్ ఆఫ్ టైమ్’ అప్పటికి 11 సంపుటాలు వచ్చింది. పేరుకు తగ్గట్టే అది కాలచక్రం కథ. యుగాలు గడుస్తాయి, మళ్లీ తిరిగొస్తాయి అన్న భావన మనకు తెలిసిందే, దాని చుట్టూ అల్లిందే ఆ నవల. 1990లో మొదటి సంపుటం చదివినవాళ్లు పదిహేడేళ్లుగా ముగింపు కోసం ఎదురుచూస్తున్నారు. రచయిత పోయాడు. ముగింపు లేదు.

ఆ నవలను చిన్నప్పట్నుంచీ చదువుతూ పెరిగినవాళ్లలో శాండర్సన్ ఒకడు. ఆ రోజు తన వెబ్‌సైట్‌లో జోర్డన్‌కు నివాళి రాసుకున్నాడు. అది ఎలాగో జోర్డన్ భార్య హ్యారియట్ మెక్‌డూగల్ కంటపడింది. ఆమె భార్య మాత్రమే కాదు, ఆ నవలలకు ఎడిటర్ కూడా. శాండర్సన్ రాసిన ‘మిస్ట్‌బార్న్’ తెప్పించుకుని చదివింది. ఫోన్ చేసి, మా ఆయన పుస్తకం పూర్తిచేస్తావా అని అడిగింది.

ఎగిరి గంతేయాల్సిన మాటే. కానీ అతనికి ముచ్చెమటలు పోశాయి. బాగా రాస్తే జోర్డన్ గొప్పతనం అంటారు. బాగోకపోతే శాండర్సన్ పాడుచేశాడంటారు. అప్పటికి అతని సొంత పుస్తకాలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని. అయినా ఒప్పుకున్నాడు. తను తప్పుకుంటే, ఆ కథను తనంతగా ప్రేమించని వాళ్ల చేతిలో అది పడుతుందేమోనన్న బెంగ కూడా అందుకో కారణం.

ఆ ఏడాది చివర్లో చార్లెస్టన్‌లోని జోర్డన్ ఇంటికి వెళ్లాడు. జోర్డన్ మంచంలో ఉండి చెప్పి రాయించిన భాగాలు, నోట్సు, ముందే రాసిపెట్టుకున్న ఆఖరి ఘట్టం... అన్నీ అతని ముందు పెట్టారు. లక్షలమంది ఎదురుచూస్తున్న ముగింపును అతను ఆ రాత్రే చదివాడు. ఆ తరవాత అయిదేళ్లు ఎవరికీ చెప్పకూడదు!

ఒక్క పుస్తకంలో అయిపోతుందనుకున్నది మూడయింది. 2009లో ‘ద గ్యాదరింగ్ స్టార్మ్’, 2010లో ‘టవర్స్ ఆఫ్ మిడ్‌నైట్’, 2013 జనవరిలో ‘ఎ మెమరీ ఆఫ్ లైట్’. అన్నీ బాగున్నాయని అందరూ అనలేదు. మ్యాట్ అనే అల్లరి పాత్ర మొదటి పుస్తకంలో మాట తప్పిందని అభిమానులు కోప్పడ్డారు. శాండర్సన్ వాదనకు దిగలేదు. నిజమే, ఆ పాత్ర తనకు సరిగ్గా పట్టుబడలేదని ఒప్పుకున్నాడు. తరవాతి పుస్తకాల్లో దాన్ని దారికి తెచ్చుకోడానికి కష్టపడ్డాడు. మొత్తానికి 14వ సంపుటంతో కాలచక్రం ఓ చుట్టు పూర్తిచేసుకుంది.

అన్నట్టు, ఆ పనిలో అలసిపోయినప్పుడు శాండర్సన్ ఏం చేసేవాడో తెలుసా? మరో కథ రాసేవాడు. అలా విశ్రాంతి కోసం మొదలెట్టింది కాస్తా పెరిగి పెరిగి ‘ద అల్లాయ్ ఆఫ్ లా’ అనే నవలై 2011లో వచ్చింది!

మధ్యాహ్నం మొదలయ్యే రోజు

హోటల్ ఉద్యోగం పోయినా రాత్రి అలవాటు పోలేదు. శాండర్సన్ చెప్పే దినచర్య ప్రకారం, అతను లేచేసరికి మనకైతే భోజనాల వేళవుతుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా దాదాపు నాలుగు గంటలు రాస్తాడు. తరవాత కంప్యూటర్ మూసేస్తాడు. ఆ సాయంత్రాలు భార్య ఎమిలీకీ ముగ్గురు పిల్లలకూ సొంతం. వాళ్లు నిద్రకు ఉపక్రమించాక, రాత్రి పదింటికి రెండో విడత మొదలు. అది అర్ధరాత్రి దాటాక గానీ ముగియదు. రోజుకు రెండు వేల పదాలు అటూఇటూగా తేలితే ఆ రోజు పని జరిగినట్టు. వినడానికి తక్కువే. కానీ రోజూ అంటే రోజూ రాయాలి. అతని ‘స్టార్మ్‌లైట్’ వరసలో ఒక్కో నవలా దాదాపు నాలుగు లక్షల పదాలు మరి!

మొదటి రాత పూర్తయితే సగం పని కూడా కానట్టే. ఒకసారి మొత్తం చదివి, కథలో అతకనివి సరిచేస్తాడు. ఇంకోసారి వాక్యాలు చెక్కుతాడు. అప్పుడు పదింట ఒకవంతు పదాలు తీసేయాలని లెక్క పెట్టుకుంటాడు. ఒకప్పుడు లావని తిప్పికొట్టిన ప్రచురణకర్తల మాట పూర్తిగా వృథా కాలేదన్నమాట! ఆ తరవాత ఎడిటర్ సూచనలతో మరో రాత. అటుపైన పుస్తకం నమ్మకమైన కొద్దిమంది పాఠకుల చేతికి వెళుతుంది. కథ ఎలా మార్చాలో వాళ్లు చెప్పక్కర్లేదు. ఏ అధ్యాయంలో విసుగొచ్చింది, ఎక్కడ అర్థం కాలేదు, ఎవరిమీద కోపమొచ్చింది... అది చెబితే చాలు. మందు వేయడం వైద్యుడి పని, నొప్పెక్కడో చెప్పాల్సింది రోగే కదా. వాళ్ల మాటలన్నీ చదివి మరోసారి దిద్దుతాడు. అలా కనీసం అయిదుసార్లు చేయి తిరిగాకే అచ్చుకు వెళ్లేది.

అతని నవలల్లో చాలావాటికి ఒకదానితో మరోదానికి చుట్టరికం ఉంటుంది. ఓ లోకంలోని మనిషి మారువేషంలో మరో లోకంలో తేలతాడు. ఎవరి కళ్లు ఏ రంగు, ఎవరు ఏ రోజున ఏ ఊళ్లో ఉన్నారు... ఒక్క పొరపాటు దొర్లినా పాఠకులు పట్టేస్తారు. అందుకే ఇలాంటివి సరిచూడ్డానికే అతని సంస్థ ‘డ్రాగన్‌స్టీల్’లో ప్రత్యేకంగా మనుషులున్నారు. పటాలూ బొమ్మలూ చూసేవాళ్లు, పుస్తకాలు డబ్బాల్లో సర్ది పంపేవాళ్లు వేరే. ఒకప్పుడు బడిలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన ఎమిలీ ఆ సంస్థ వ్యవహారాలు చూస్తోంది.

ఇక సంతకాలు! ప్రత్యేక ప్రతుల్లో కలిపి కుట్టే కాగితాలు అట్టపెట్టెల్లో వస్తాయి. ఒక్కో విడతకు వేలల్లో ఉంటాయి. మామూలుగా అయితే విసుగు పని. శాండర్సన్ ఒకవైపు సంతకాలు చేస్తూనే, కెమెరా ముందు కూర్చుని పాఠకులతో కబుర్లు చెబుతాడు. ఏ పుస్తకం ఎంత శాతం అయిందో వెబ్‌సైట్‌లో గీతలు గీసి చూపిస్తాడు. ఏటా డిసెంబరు వచ్చిందంటే, గడిచిన ఏడాది ఏం చేశాడో, రాబోయే ఏడాది ఏం చేయబోతున్నాడో లెక్కలప్పగించినట్టు రాస్తాడు. ముగింపు కోసం పదిహేడేళ్లు ఎదురుచూసిన పాఠకుల్లో తనూ ఒకడు. ఆ బాధ తెలుసు కాబట్టే, తన పాఠకుణ్ని చీకట్లో ఉంచకూడదన్న పట్టుదల.

నాలుగు రహస్యాలు

2020లో కరోనా వచ్చింది. ప్రయాణాలు, పుస్తకాల పండగలు, సంతకాల సభలు అన్నీ ఆగిపోయాయి. ఏడాదిలో నెలల తరబడి ఊళ్లు తిరిగే శాండర్సన్‌కు ఒక్కసారిగా బోలెడు సమయం చిక్కింది. ఎవరికీ చెప్పకుండా ఓ నవల రాశాడు. ఎమిలీతో కలిసి ఓ సినిమా చూశాక వచ్చిన ఆలోచన అది. రాకుమారుడు వచ్చి రాకుమారిని రక్షించే కథలు చాలా ఉన్నాయి, ఆ అమ్మాయే బయల్దేరి అబ్బాయిని వెతుక్కుంటే ఎలా ఉంటుంది? ఒప్పందం లేదు, గడువు లేదు. భార్యకు కానుకగా రాసింది. దాంతో హుషారొచ్చి, రహస్యంగానే ఇంకో మూడు రాశాడు.

2022 మార్చిలో ఆ గుట్టు విప్పాడు. ఏ ప్రచురణ సంస్థకూ ఇవ్వకుండా, ముందుగా డబ్బు కట్టిన పాఠకులకు తానే నేరుగా పుస్తకాలు పంపుతానంటూ ‘కిక్‌స్టార్టర్’ వెబ్‌సైట్‌లో ప్రకటించాడు. నెలరోజుల్లో పది లక్షల డాలర్లు రావాలన్నది లక్ష్యం. గంట కూడా గడవకముందే వచ్చేశాయి! నెల తిరిగేసరికి 1,85,341 మంది కలిసి 4 కోట్ల 17 లక్షల డాలర్లు కట్టారు. అప్పటి లెక్కలో మన డబ్బు 300 కోట్ల రూపాయలకు పైనే. ఆ వెబ్‌సైట్ చరిత్రలో అప్పటిదాకా ఏ వస్తువుకూ, ఏ ఆటకూ, ఏ యంత్రానికీ రానంత సొమ్ము... నాలుగు నవలలకు వచ్చింది. మాట ఇచ్చినట్టే 2023లో మూడు నెలలకొకటి చొప్పున నాలుగూ పంపాడు. మొదట వెళ్లింది ఎమిలీ కోసం రాసిన ‘ట్రెస్ ఆఫ్ ద ఎమరాల్డ్ సీ’.

ఆ గెలుపు తరవాత అతను చేసిన పని గురించి తక్కువమంది మాట్లాడుకున్నారు. అదే వెబ్‌సైట్‌లో తమ పుస్తకానికి సాయం చేయమంటూ అడుగుతున్న ప్రాజెక్టులు అప్పటికి 300కు పైగా ఉన్నాయి. వాటన్నిటికీ తలా కొంత డబ్బు కట్టాడు. ఒక్కటీ వదల్లేదు. ఆ రచయితల్లో చాలామంది అతనికి ముక్కూమొహం తెలియనివాళ్లే.

అలాగే, తను చదివిన బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలోనే నవల ఎలా రాయాలో పాఠాలు చెబుతాడు. ఒకప్పుడు అదే తరగతిని డేవ్ వుల్వర్టన్ అనే రచయిత చెబుతుంటే విద్యార్థిగా కూర్చున్నాడు. ఇప్పుడు బల్లకు ఇటువైపు నిలబడి చెబుతున్నాడు. ఆ తరగతిలో చోటు దొరకని వాళ్లకోసం 2020లోనూ 2025లోనూ ఆ పాఠాలను యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టాడు. ప్రపంచంలో ఏ మూలనున్న వాళ్లయినా వినొచ్చు. రాత్రి డ్యూటీలో కూర్చుని టైపు చేస్తున్న ఇంకో కుర్రాడైనా సరే.

ఇంతకీ అచ్చుకాని ఆ తొలి నవలలు ఏమయ్యాయి? కొన్నిటిలోని పాత్రలూ ఆలోచనలూ తరవాతి పుస్తకాల్లోకి వచ్చి చేరాయి. కొన్ని అలాగే ఉండిపోయాయి. వాటిని వృథా శ్రమ అనడానికి శాండర్సన్ ఒప్పుకోడు. నవల రాయడం వల్ల తయారయ్యేది పుస్తకం కాదు, రచయిత అంటాడు. పియానో నేర్చుకునే పిల్లాడు వాయించిన ప్రతి పాటకూ టిక్కెట్టు పెట్టం కదా!

ఆ హోటల్ బల్ల దగ్గర అయినవి ఆ పాటలే. వినడానికి అప్పుడెవరూ లేరు. అయినా అతను వాయించడం ఆపలేదు.